పిల్లల చెమట వాసన – తిట్టే ముందు తెలుసుకోవలసిన విషయాలు

మీ అబ్బాయి గాని, అమ్మాయి గాని బడి నుండి వచ్చి పుస్తకాల సంచి దించగానే ఘాటైన చెమట వాసన వస్తోందా? నిన్నమొన్నటి దాకా లేని ఈ వాసన ఎక్కడిదని ఆశ్చర్యపోతున్నారా? వెంటనే "నువ్వు సరిగ్గా స్నానం చేయడం లేదు" అని తిట్టకండి. చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజం కాదు.

చిత్తూరు దగ్గరి పల్లె నుండి ఒక అవ్వ తన పదేళ్ల మనవరాలిని మా ఓపీకి తీసుకొచ్చింది. పాప చంకలు రెండూ ఎర్రగా కందిపోయి, అక్కడక్కడా తోలు లేచిపోయి ఉన్నాయి. "పక్కన కూర్చునే పిల్లోళ్లు ముక్కు మూసుకుంటా ఉన్నారంట సిస్టరమ్మా. బడికి పోనని ఏడస్తా ఉంది. పుండ్లు కడిగే మందు నీళ్లు కలపకుండా పూసి, పీచుతో రుద్దినాం. అయినా పోలేదు" అని చెప్పింది. విచారిస్తే ఆ పాప రోజూ రెండు పూటలా స్నానం చేసే పిల్లే. వాసన కంటే మందు చేసిన పుండుకే మేము ముందుగా చికిత్స చేయవలసి వచ్చింది.

ఈ వాసన ఎలా వస్తుందో తెలిస్తే ఇలాంటి పొరపాటు జరగదు. మన చర్మంలో ముఖ్యంగా రెండు రకాల చెమట గ్రంథులు ఉన్నాయి. మొదటి రకం దాదాపు ఒళ్లంతా ఉంటాయి. వీటి నుండి వచ్చేది ఎక్కువగా నీరు, కొంచెం ఉప్పు. ఒంటిని చల్లబరచడం వీటి పని. అందుకే మే నెల ఎండలో ఆడి, తడిసి ముద్దయి వచ్చిన ఐదేళ్ల పిల్లవాడి దగ్గర కూడా అంతగా వాసన ఉండదు. రెండవ రకం గ్రంథులు చంకల్లో, గజ్జల్లో ఎక్కువ. ఇవి పుట్టుకతోనే ఉన్నా, యౌవన దశ దగ్గరపడ్డాకే పని మొదలుపెడతాయి. వీటి చెమట చిక్కగా ఉంటుంది, అందులో కొవ్వు, మాంసకృత్తులు ఉంటాయి. చర్మం మీద ఉండే సూక్ష్మజీవులు వాటిని విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది.

ఆడపిల్లల్లో 8 నుండి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుండి 14 ఏళ్ల మధ్య యౌవన దశ మొదలవడం సహజం. కొందరిలో మిగతా మార్పులు ఏవీ కనిపించక ముందే చెమట వాసన వస్తుంది. ఆడపిల్లకు 8 ఏళ్లు, మగపిల్లవాడికి 9 ఏళ్లు నిండకముందే పెద్దవాళ్ల వంటి వాసన వస్తే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక శుభ్రత సంగతి. వేసవిలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇళ్లు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. రెండు బకెట్ల నీళ్లు లేవని స్నానం మానిపించకండి. అర బకెట్ నీళ్లున్నా చాలు. ముందు చంకలు, గజ్జలు, పాదాలు, కాలి వేళ్ల సందులు మామూలు సబ్బుతో కడగాలి. సబ్బు రాసిన వెంటనే నీళ్లు పోసుకోవడం పిల్లల అలవాటు. చేత్తో కాసేపు మెత్తగా రుద్దాక కడుక్కోమనండి. తర్వాత పొడి తువ్వాలుతో తడి లేకుండా అద్దుకోవాలి. సున్నిపిండి ఒంటికి మంచిదే, కాని కందిన చోట పెట్టకండి. ఆడపిల్లలు మర్మావయవాల బయటి భాగాన్ని నీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది, లోపల సబ్బు పెట్టకూడదు.

ఒళ్లు కడిగినా వాసన పోలేదంటే చొక్కా చంక భాగాన్ని వాసన చూడండి. పాలిస్టర్ కలిసిన యూనిఫాం బట్టలో వాసన నూలు బట్టలో కంటే ఎక్కువగా నిలిచిపోతుంది. నిన్న వేసుకున్న చొక్కా ఈరోజు వేసుకుంటే స్నానం వృథా. చొక్కాను తిరగేసి, చంక భాగంలో సబ్బు పెట్టి కాసేపు నాననిచ్చి ఉతికి, తిరగేసే ఎండలో ఆరేయండి. మనకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ముసురు పట్టే రోజుల్లో బట్టలు ఇంట్లోనే ఆరి ముక్క వాసన వేస్తాయి. అప్పుడు ఇస్త్రీ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి.

2020 అక్టోబరులో మొదలైన జగనన్న విద్యాకానుక కింద ప్రభుత్వ బడి పిల్లలకు ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు ఇచ్చారు. అంతకుముందు చెప్పులతోనో, వట్టి కాళ్లతోనో బడికి వెళ్లిన పిల్లల పాదాలు అప్పటి నుండి రోజంతా మూసి ఉంటున్నాయి. పాదాలకు గాయాలు కాకుండా ఉంటాయి గనుక బూట్లు మంచివే. కాని సాక్సులు ఏ రోజువి ఆ రోజు ఉతకాలి, బూట్లు విప్పగానే నోరు తెరిచి గాలికి పెట్టాలి. అరికాళ్లలో సూది గుచ్చినట్లు చిన్న చిన్న గుంటలు పడి దుర్వాసన వస్తుంటే అది సూక్ష్మజీవుల వల్ల వచ్చే చర్మవ్యాధి. పూతమందుతో తగ్గుతుంది.

పౌడరు, స్ప్రేలు వాసనను కొంతసేపు కప్పిపెడతాయి, అంతే. చెమటను తగ్గించే రోల్-ఆన్ అవసరమైతే రాత్రి పడుకునే ముందు పొడి చర్మం మీద రాయాలి. పుండ్లు ఉంటే వద్దు. ఉబ్బసం ఉన్న పిల్లల దగ్గర స్ప్రే కొట్టకండి.

ఇవన్నీ పిల్లలకు చెప్పే తీరు కూడా ముఖ్యం. అన్నదమ్ముల ముందు, చుట్టాల ముందు "కంపు" అనే మాట అనకండి. ఒంటరిగా ఉన్నప్పుడు, "నీ వయసులో నాకూ ఇట్లే వచ్చింది, నేనేం చేశానో చెబుతాను" అని మొదలుపెట్టండి. కొడుక్కి నాన్న చెబితే మరీ మంచిది. ఆ అవ్వ మనవరాలితో నేను ఇలాగే మాట్లాడాను. "అయితే నాకు జబ్బు లేదా?" అని అడిగింది. ఆ భయంతో పాప ఎన్నాళ్లు ఉందో!

నిజంగా జబ్బును తెలిపే వాసనలు కూడా కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లలకు ఒక్క ముక్కులో నుండే చీము, దుర్వాసన వస్తుంటే లోపల ఏ చింతగింజో, పలకబలపం ముక్కో, బొత్తామో ఇరుక్కుని ఉండవచ్చు. మీరు పిన్నుతో లాగవద్దు, లోపలికి పోతుంది. డాక్టరు తీస్తారు. బటన్ బ్యాటరీ పోయిందని అనుమానం ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. చెవిలో చీము, ఆడపిల్లల్లో దురదతో కూడిన దుర్వాసన ఉన్నా చూపించాలి. పిల్లవాడు పదే పదే నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ, చిక్కిపోతూ, శ్వాసలో మాగిన పండు వాసన వస్తుంటే అది మధుమేహం ముదిరిన లక్షణం కావచ్చు. వాంతులు, మగత కూడా ఉంటే తెల్లవారే దాకా ఆగవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.