ముక్కు దారిన తలనొప్పి మందు



చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఇళ్లు దర్శించేటప్పుడు మేము తరచుగా వినే మాట, "తలనొప్పయ్యా, మందిరానికి రాలేకపోయినాను" అన్నది. మనవాళ్లు ఒరతలనొప్పి, పార్శ్వపు నొప్పి అనే దానినే ఆసుపత్రిలో మైగ్రేన్ అంటారు. తలలో ఒక పక్క సుత్తితో కొట్టినట్లుంటుంది. వెలుతురు చూడలేరు, పిల్లల కేకలు భరించలేరు, వాంతులవుతాయి. 4 గంటల నుండి 3 రోజుల వరకు బాధిస్తుంది. స్త్రీలకే ఎక్కువ. పొయ్యి వెలిగించక పడుకున్న కోడలిని చూసి అత్తగారు సాకు అంటుంది. అది సాకు కాదు, మెదడుకూ నరాలకూ సంబంధించిన వ్యాధి.

మన పెద్దలు దీనికి తుమ్మాకు రసం ముక్కులో పిండేవారు. శుభ్రత లేని ఆకు రసాన్ని ముక్కులో పోయడం మేము ఒప్పుకోము గాని, దారి ముక్కేనన్నది ఇంగ్లీషు వైద్యం కూడా పట్టుకున్నది. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది. మింగిన బిళ్ల అక్కడే నిలిచిపోతుంది, లేదా వాంతిలో పోతుంది. ముక్కు లోపలి పొర పలుచన గనుక అక్కడ చిమ్మిన మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. కొంత గొంతులోకి జారి చేదుగా తగులుతుంది, దానికి భయపడనక్కరలేదు.

సుమాట్రిప్టాన్ అనే మందు స్ప్రేకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత జోల్మిట్రిప్టాన్ స్ప్రే వచ్చింది. ఈ రెండూ మన దేశంలో డాక్టరు చీటీ మీద దొరుకుతాయి. 2023 మార్చిలో జవెజెపాంట్ అనే మరో రకం స్ప్రేను అమెరికా అనుమతించింది. దాని పరీక్షలో 2 గంటలకు నొప్పి పూర్తిగా పోయినవారు నూటికి 24 మంది. మందు లేని ఉత్త స్ప్రే చిమ్మినవారిలో 15 మందికీ పోయింది! కనుక ఇది కొందరికి మేలైన సాధనమే గాని అందరి నొప్పినీ తీసివేసేది కాదు.

గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు, బీపీ అదుపులో లేనివారు ట్రిప్టాన్ మందులు వాడరాదు. ఎర్గటమిన్ కలిసిన బిళ్ల వేసుకుంటే 24 గంటల వరకు ముట్టరాదు. గర్భిణీలు డాక్టరును అడగవలెను.

మా అసలు దిగులు వేరు. అంగడిలో బీడీకట్టల పక్కనే నొప్పి బిళ్లలు అమ్ముతారు. పొద్దున ఒకటి వేసుకుంటే గాని చేతికి పని రాని తల్లులు మన సంఘాలలో ఉన్నారు. మామూలు నొప్పి బిళ్లలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్ అయితే (స్ప్రే అయినా సరే) 10 రోజులు, ఇలా 3 నెలలు దాటితే ఆ మందే తలనొప్పి తెస్తుంది. బిళ్ల పని చేయలేదని స్ప్రేకు మారినా విడుపు ఉండదు. వైద్యుని చూపులో ఆ బిళ్లలు మానుకొని, నొప్పి రాకుండా కాచే మందు రోజూ వాడాలి. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ అటువంటివే, ధర కూడా తక్కువే. ఉబ్బసం ఉన్నవారికి మొదటిది పనికిరాదు. గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో విడిచిపెట్టకండి.

గోడ క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజున ఒక గీత, బిళ్ల వేసుకుంటే ఒక చుక్క పెట్టుకొని అది డాక్టరుకు చూపించండి. తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్ ఉన్నది. చిత్తూరు వారికి రాయవేలూరు మిషన్ ఆసుపత్రి దగ్గర. డాక్టర్ జాకబ్ చాందీగారు 1949లో అక్కడే నరాల విభాగం ప్రారంభించారు.

ఇంకొక మాట. పస్తులూ నిద్రలేమీ ఈ నొప్పిని రేపుతాయి. ఉపవాస కూడికలో గాని రాత్రి ప్రార్థనలో గాని కూర్చోలేని సోదరిని ఏ కాపరీ చిన్నచూపు చూడరాదు.

పిడుగు పడినట్లు హఠాత్తుగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, కాలు చేయి పడిపోవడం, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి: వీటిలో ఏది కనబడినా స్ప్రే కోసం వెతకక ఆ పూటే ఆసుపత్రికి తీసుకొనిపోండి.