కిర్గీజు క్రైస్తవులు – దేశాచారములు

అన్యమతమును స్వీకరించినవాఁడు దానితోఁగూడ నన్యజాతీయతను స్వీకరింపవలయునా యను ప్రశ్నము మధ్య ఆసియాలోని కిర్గీజుదేశమునఁ బ్రబలముగా నున్నది. కిర్గీజులు తురుష్కభాషాకుటుంబమునకుఁ జెందినవారు. అధికసంఖ్యాకులు సున్నీ మహమ్మదీయులు. 19వ శతాబ్దియందు రష్యనులు ఆ దేశము నాక్రమింపఁగా వారి వెంటఁ గ్రైస్తవమును వచ్చెను. కావున నది రష్యనుల మతమను భావము జనులలో నాటుకొన్నది. 1991లో దేశము స్వతంత్రమైన పిమ్మటఁ గ్రైస్తవులైన కిర్గీజులు జాతిభ్రష్టులను నిందకుఁ బాత్రులైరి. ఈ నిందను దొలఁగించుకొనుటకే స్వీయాచారములతోడి సమన్వయము వారి కావశ్యకమైనది.

మొదటిది నామవిచారము. కిర్గీజు బైబిలులో రష్యను రూపమును విడిచి క్రీస్తును "ఈసా మషాయక్" అని వ్యవహరింతురు. భగవంతునకు "కుదాయ్" అను పేరు. ఇది పారసీకమగు "ఖుదా" శబ్దమునుండి వచ్చినది; మహమ్మదీయులకును సాధారణము. శబ్ద మొక్కటియే యైనను సంప్రదాయభేదముచే నర్థము భేదించును. కావునఁ బదమును గ్రహించినంతనే కార్యము ముగియదు; ఉపదేశముచే నర్థమును నిర్ణయింపవలయును.

రెండవది యాశీర్వాదము. భోజనాంతమునఁ బెద్దలు అఱచేతులు చాఁచి దీవించి, ముఖమును దడవుకొని "ఓమియిన్" అందురు. దీనిని "బతా" యందురు. ఆ తుదిపదము క్రైస్తవుల "ఆమెన్" శబ్దమునకు సజాతీయమే. కావున నీ యాచారమును గ్రహించుటకు బాధకము గానరాదు.

మూడవదియగు నంత్యక్రియయే కఠినము. మృతుని ఉన్నిగుడారమునందుంచి స్త్రీలు "కొషోక్" అను విలాపగీతములు పాడుదురు. నలువదవనాఁడు బంధువులు గూడుదురు. సంవత్సరాంతమున "ఆష్" అను విందు జరుగును. శోకమును బంధుసత్కారమును లౌకికములు. నూనెలోఁ బిండి వేఁచి యా వాసనను పితృదేవతలకు సమర్పించుట మతవిషయకము. మొదటిదానిని నిలిపి రెండవదానిని విడుచుట వివేకమని కొందఱందురు. కాని విడిచినవానిని గ్రామము శ్మశానమునకు రానిచ్చునా? 2016లో అలాబుకా ప్రాంతమున నొక క్రైస్తవురాలి శవమును సమాధినుండి వెలికిఁ దీసి వేఱొకచోటఁ బాఁతిరి.

ఈ సమన్వయము ఆ నేలకుఁ గ్రొత్త గాదు. 1885లో పిష్పెక్, తొక్మాక్ పట్టణముల సమీపమున 13, 14 శతాబ్దుల క్రైస్తవసమాధిశిలలు బయల్పడెను. వానిపై సిరియా లిపి యున్నది. కొన్నింటి భాష తురుష్కము. కాలమును యవనశకముతోపాటు మూషిక వృషభాది ద్వాదశజంతువత్సరములచేతను సూచించిరి. వారిని నేఁటి కిర్గీజులకు సాక్షాత్పూర్వులని చెప్ప వీలులేదు. అయినను రష్యనుల రాకకు నైదువందల యేండ్లకుఁ బూర్వమే క్రైస్తవ మచటఁ దురుష్కభాషలోఁ బలికెననుట స్పష్టము. కావునఁ గ్రైస్తవము రష్యనులతోనే యచటికి వచ్చెనను వాదము నిలువదు.