అడిగేవారిని బట్టి మాట: మౌఖిక చరిత్ర, అమెరికా నుంచి జహీరాబాద్ దాకా

జహీరాబాద్ ప్రాంతపు గతాన్ని కాగితాల్లో వెతికేవారికి ముందుగా దొరికేవి సరిహద్దుల లెక్కలే. నిజాం రాజ్యంలో బీదరు జిల్లాలో ఉన్న ఈ తాలూకా, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నిర్ణా సర్కిల్ మినహా ఆంధ్రప్రదేశ్‌లో కలిసి మెదక్ జిల్లాలో భాగమైంది. 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. అయితే తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసి వినిపించే ఈ ఊళ్లలో ఏ కరువులో ఎవరు ఏం తిని బతికారో, 1948 సెప్టెంబరు సైనిక చర్య రోజుల్లో ఏ ఇంటివారు ఇల్లు విడిచి ఎటు పోయారో రెవెన్యూ దస్త్రాలు చెప్పవు. అటువంటి సంగతులను స్వయంగా చూసినవారిని, అనుభవించినవారిని ప్రశ్నించి, వారి మాటలను రికార్డు చేసి, ఇతర ఆధారాలతో సరిచూసి భద్రపరిచే పద్ధతిని మౌఖిక చరిత్ర అంటారు. తరతరాలుగా చేతులు మారి వచ్చే జానపద గాథకూ దీనికీ తేడా ఉంది. ఇక్కడ చెప్పే మనిషి ఆ సంఘటనలో తానే ఉన్నవాడు.

ఈ పద్ధతికి విశ్వవిద్యాలయాల గుర్తింపు అమెరికాలో వచ్చింది. 1948లో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక విభాగాన్ని ప్రారంభించాడు. టెలిఫోన్ వచ్చాక ప్రముఖులు ఉత్తరాలు రాయడం తగ్గించారనీ, వారి జ్ఞాపకాలు వారితోనే పోతున్నాయనీ ఆయన చింత. అందుకే ఆ తొలి సేకరణలో రాజకీయ నాయకులు, అధికారులు, వ్యాపార ప్రముఖులే ఎక్కువగా కనిపిస్తారు. పేదల మాటలను పోగుచేసే పని అంతకు పదేళ్ల ముందే మరో దారిలో జరిగింది. 1930ల ఆర్థిక మాంద్యంలో పని లేక కూర్చున్న రచయితలకు, పాత్రికేయులకు జీతమిచ్చేందుకు అమెరికా ప్రభుత్వం ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టును నడిపింది. ఆ పథకం కింద 1936 నుంచి 1938 వరకు 17 రాష్ట్రాల్లో, ఒకప్పుడు బానిసలుగా బతికిన నల్లజాతి వృద్ధుల నుంచి 2,300కు పైగా కథనాలను సేకరించారు. బానిసత్వం 1865లో రద్దయింది కాబట్టి వారిలో చాలామందికి అప్పటికే 80 ఏళ్లు దాటాయి; మరో పదేళ్లు ఆగి ఉంటే అడగడానికి మనుషులే మిగిలేవారు కాదు.

ఆ సేకరణ ఎంత విలువైనదో అంత జాగ్రత్తగా చదవవలసినది. 1937లో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో ఒకే వృద్ధురాలిని ఇద్దరు వేర్వేరుగా కలిశారు. జెస్సీ బట్లర్ అనే శ్వేతజాతి స్త్రీ రాసుకున్న కథనంలో ఆమె పేరు సూసన్ హామ్లిన్. అందులో యజమాని దయగలవాడు, పాత రోజులు ఫరవాలేదు. అగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి యువకుడు రాసుకున్న కథనంలో పేరు సూసన్ హామిల్టన్. అందులో కొరడా దెబ్బలున్నాయి, పిల్లలను తల్లుల నుంచి విడదీసి అమ్మేసిన రోజులున్నాయి. శ్వేతజాతి స్త్రీని ఆ వృద్ధురాలు ప్రభుత్వ సహాయ కార్యాలయం నుంచి వచ్చిన మనిషిగా భావించింది. పూట గడవని కాలంలో సహాయం ఇచ్చే చేతి ఎదుట ఆ చేతి జాతివారిని ఎవరు మాత్రం తూలనాడతారు? ఆమె అబద్ధం చెప్పిందనడం అన్యాయం. అడిగిన మనిషిని బట్టి ఎంత చెప్పాలో అంతే చెప్పింది. తర్వాతి పరిశోధకులు ఈ రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి చదివాకే, సేకరణ మొత్తంలో ఎవరు ఎవరిని అడిగారన్నది మొదట చూడవలసిన విషయంగా స్థిరపడింది.

చికాగో రేడియోలో దశాబ్దాల పాటు సంభాషణలు నడిపిన స్టడ్స్ టెర్కెల్ ఈ పద్ధతిని సామాన్య పాఠకుల దాకా తీసుకువచ్చాడు. మాంద్యం రోజులపై 1970లో ఆయన ప్రచురించిన పుస్తకంలోనూ, రెండవ ప్రపంచ యుద్ధంపై 1984లో వెలువరించి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకున్న పుస్తకంలోనూ కార్మికులు, గృహిణులు, సైనికులు తమ మాటల్లోనే దేశచరిత్ర చెబుతారు.

జ్ఞాపకం తప్పు చెప్పదా అన్న సందేహం సహజం. చెబుతుంది, తరచుగానే చెబుతుంది. ఇటలీలోని తెర్ని పట్టణంలో లుయీజీ త్రాస్తుల్లీ అనే ఉక్కు కార్మికుడు 1949లో, నాటో కూటమిలో ఇటలీ చేరికను వ్యతిరేకిస్తూ జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో మరణించాడు. కానీ ఆ ఊరి కార్మికులలో చాలామంది అతని మరణాన్ని 1953లో కర్మాగారం నుంచి వేలమందిని తొలగించినప్పటి పోరాటానికి జోడించి చెప్పేవారు. అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు ఈ పొరపాటును కొట్టిపారేయకుండా, అదే ఒక సాక్ష్యమని వాదించాడు: ఎక్కడో కుదిరిన ఒప్పందం కోసం కాక, తమ బతుకుతెరువు కోసం జరిగిన పోరులో తోటివాడు చనిపోయాడని తలచుకుంటేనే ఆ మరణానికి అర్థం ఉన్నట్టు వారికి తోచింది. తేదీ కోసం పత్రికలను చూడాలి, ఆ తేదీ ఊరి మనసులో ఏమైందో తెలియడానికి ఊరివారినే అడగాలి.

తెలుగునాట ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను టేపుల మీద రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో ఈ బృందం ప్రచురించింది; 1989లో అది ఇంగ్లీషులోనూ వచ్చింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ప్రియంవద, కమలమ్మ వంటివారి మాటలు అందులో ఉన్నాయి. నాయకుల రచనల్లో స్త్రీలు ఎక్కువగా త్యాగమూర్తులుగా, అన్నం పెట్టిన తల్లులుగా కనిపిస్తే, ఈ పుస్తకంలో వారు అజ్ఞాతవాసపు రోజులను, బిడ్డలను వదులుకోవలసి వచ్చిన బాధను, పోరాటం ముగిశాక ఇంటికి వెళ్లి సంసారం చూసుకోమన్నప్పుడు కలిగిన చేదును దాచకుండా చెప్పారు. అడిగినవారూ స్త్రీలే కావడం వల్ల అంతవరకు బయటికి రాని మాట వచ్చిందని భావించడానికి చార్లెస్టన్ ఉదాహరణే చాలు. తెలుగులో సన్మాన సంచికలకు కొదవ లేదు గాని, వాటిలో పొగడ్త ఉన్నంతగా జ్ఞాపకం ఉండదు. ఈ పుస్తకం విలువ అక్కడ తెలుస్తుంది.

జహీరాబాద్‌కు మరింత దగ్గరి విషయం 1948 సెప్టెంబరు. నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్ల దౌర్జన్యాలు, ఆ తర్వాత పోలీసు చర్యగా పేరుపడిన భారత సైనిక చర్య, దాని వెంబడి ముస్లింలపై జరిగిన హింస ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. వాటిని విచారించిన సుందర్‌లాల్ కమిటీ బాగా దెబ్బతిన్నవిగా గుర్తించిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడ్. జహీరాబాద్ అప్పుడు బీదరు జిల్లాలోనిదే. హైదరాబాద్ సంస్థానమంతటా కనీసం 27,000 నుంచి 40,000 మంది మరణించి ఉంటారని అంచనా వేసిన ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. కాగితం అలా మూతపడి ఉన్నంత కాలం ఆ రోజుల సంగతులు కుటుంబాల్లో చెప్పుకునే మాటల్లోనే బతికాయి. తెలుగు కవి, అమెరికాలో ఆచార్యుడిగా పనిచేస్తున్న అఫ్సర్ మొహమ్మద్, 1948 గురించి 2023లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా ప్రచురించిన గ్రంథానికి అటువంటి జ్ఞాపకాలనే ఒక ప్రధాన ఆధారంగా తీసుకున్నాడు.

ఇంతవరకు చెప్పిన ప్రయత్నాలన్నింటిలో బయటివారు వచ్చి అడిగారు, ఊరివారు చెప్పారు. రికార్డు చేసే యంత్రం మాత్రం వచ్చినవారి చేతిలోనే ఉండిపోయింది. జహీరాబాద్ ప్రాంతంలో ఆ వరుస మారింది. 1983లో మొదలై పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, ఊరూరా సంగాలుగా ఏర్పడిన దళిత మహిళా రైతులు కెమెరా పట్టడం, శబ్దం రికార్డు చేయడం నేర్చుకున్నారు. వారిలో చాలామంది బడికి వెళ్లినవారు కారు. వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి వేసిన రైతుల వద్దకు ఈ మహిళలే వెళ్లి, కొన్ని సీజన్ల పాటు వారి మాటలను చిత్రీకరించారు. అడిగేవారు కూడా చేను దున్నినవారే కావడంతో పెట్టుబడి, పురుగు, అప్పు గురించి ఏం అడగాలో వారికి ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

రేడియో విషయంలో చట్టం వారికి చాలా కాలం అడ్డు నిలిచింది. వాయుతరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు సామాజిక రేడియో నడుపుకోవడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించింది 2006లోనే. ఒక ఊరివారు తమ కోసం తామే నడుపుకొనే, కొద్ది దూరమే వినిపించే చిన్న కేంద్రాన్ని సామాజిక రేడియో అంటారు. జహీరాబాద్ సమీపంలోని మాచనూరులో సంగం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారం ప్రారంభించింది. తైదలు, కొర్రలు, సామల సాగు, విత్తనం దాచే తీరు, ఊరి వైద్యం, పండుగ పాటలు ఈ ప్రాంతపు పలుకుబడిలోనే అందులో వినిపిస్తాయి. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లపై విత్తనాలు పేర్చుకొని ఊరేగే పాత పంటల జాతరను చూసినవారికి ఈ జ్ఞానం ఎంత లోతైనదో తెలుస్తుంది. చరిత్ర శాఖలు దీనిని వ్యవసాయ కార్యక్రమంగా చూసి వదిలేయడం పొరపాటు. దక్కను మెట్ట రైతు బతుకుచరిత్రకు ఇంతకంటే దగ్గరి ఆధారం మరొకటి దొరకదు.

1948లో పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు తొంభైకి చేరువవుతున్నారు. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన తొలి తరం తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఎనభై దాటుతున్నారు. అమెరికాలో 2008లో ఏర్పడిన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ అక్కడికి వచ్చినవారి తొలి రోజు జ్ఞాపకాలను సేకరిస్తోంది. ఈ పనికి ఇప్పుడు పెద్ద పరికరాలు అవసరం లేదు, చేతిలోని ఫోను చాలు. చెప్పేవారి అనుమతి తీసుకోవాలి, పేరు బయటపెట్టవద్దంటే పెట్టకూడదు, తేదీ, స్థలం, అడిగినవారి పేరు తప్పక చేర్చాలి, మాండలికాన్ని పుస్తక భాషలోకి దిద్దకూడదు. జహీరాబాద్ పరిసరాల కళాశాలలు చరిత్ర విద్యార్థులకు ఏటా ఇచ్చే ప్రాజెక్టు పనిలో ఒక్కొక్కరు ఒక్కొక్క వృద్ధుని మాటను ఇలా రికార్డు చేసే ఏర్పాటు ఈ విద్యా సంవత్సరంలోనే చేయాలి.