అధ్యక్షపీఠమును కొల్లేటి తగవును

కొల్లేటి సరిహద్దును గూర్చి పాతిక సంవత్సరములుగా జరుగుచున్న వాదములో అడుగుల లెక్క మా పాఠకులకు తెలిసినదే. అభయారణ్యము సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు గీత వఱకు ఉండవలెనా, మూడడుగుల గీతకు దించవలెనా యనునది ప్రశ్న. దీనిని గూర్చి ఏలూరులోను, కైకలూరులోను, ఆకివీడులోను, లంక గ్రామములలోను జరిగిన సభలకు లెక్క లేదు. అట్టివానిలో కొన్నింటిని మేము చూచితిమి. ప్రశ్నకు సమాధానము ఏదియైనను కావచ్చును; సభ మాత్రము సమాధానమువఱకు పోకముందే చెడుట మాకు పలుమాఱులు కనబడినది. చెడగొట్టినవారు ఎప్పుడును వక్తలే కారు. తఱచుగా అధ్యక్షులే. కావున నేడు మేము వ్రాయబూనినది అడుగులను గూర్చి కాదు, ఆ సభలను నడుపు తీరును గూర్చి.

ఆ తీరు ఇట్లుండును. ఊరి పెద్ద యొకరు కుర్చీలో కూర్చుండును. ఆయనకో, ఆయన వియ్యంకునకో సరస్సులో చెరువుండును. అది అందఱికిని తెలియును, ఎవ్వరును చెప్పరు. మొదట పేరుగలవారిని "అయ్యా, తమరు సెలవియ్యండి" అని పిలుచును. వారు తాతల నాటి ముచ్చట మొదలుకొని భోజనాల వేళవఱకు మాటాడుదురు. పిమ్మట వలవేసి బ్రతుకు వాడొకడు వెనుక వరుసలో లేచి నిలువగా "ఏమిరా, టూకీగా చెప్పు, పొద్దుపోయింది" అని వినబడును. వాడు రెండు మాటలు చెప్పునంతలో "అసలు సంగతికి రా" అని మఱియొక కేక. మొదటివాడు అసలు సంగతికి అరగంట రాకున్నను అధ్యక్షుడు తల యూచుచునే యుండెను! తుదకు "అందరికీ సమ్మతమే కదా" యని తానే యడిగి, తానే సమ్మతించి, పుస్తకములో "ఏకగ్రీవముగా తీర్మానింపబడినది" అని వ్రాయించును. ఆ తీర్మానము ఏలూరికి పోవును, అచటినుండి పైకి పోవును. చదివినవారు ఊరంతయు ఒక్క మాట మీద నున్నదని తలంతురు.

ఊరు ఒక్క మాట మీద లేదు. ఉండుటకు వీలును లేదు. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు వాగుల నీరు దీనిలో పడి, మిగులు ఉప్పుటేరు గుండ సముద్రమును చేరును. 1976 ప్రాంతమున ప్రభుత్వము లంకలవారిచే సహకార సంఘములు పెట్టించి సరస్సు నేలలో చేపల చెరువులు త్రవ్వించినది. కాలక్రమమున వానిలో పెక్కులు పెట్టుబడిగల కౌలుదారుల వశమైనవి. 1999 అక్టోబరులో అయిదడుగుల గీత వఱకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ సిఫారసు మీద చెరువుల గట్లు తెగగొట్టబడినవి. 2008లో రాష్ట్ర శాసనసభ సరిహద్దును మూడడుగులకు తగ్గింపుమని తీర్మానించినది. తరువాత కేంద్రము నియమించిన అజీజ్ కమిటీ తగ్గింపరాదని 2011లో చెప్పినది. తగ్గింపుమను కోరిక నాటితో ఆగలేదు.

ఈ కథలో ఎందఱున్నారో చూడుడు. తన పట్టా భూమి గీత లోపల చిక్కుకొనగా పరిహారమునకు ఎదురుచూచిన రైతు ఒకడు. చెరువు మీద లక్షలు పెట్టి గట్టు తెగగా మునిగినవాడు ఒకడు. సంఘములో తన పేరుండగా చెరువు మాత్రము పరుల కౌలులోనున్న దళిత కూలి ఒకడు. చెరువులు లేని కాలమున మావులు పెట్టి, వలవేసి పట్టుకొన్న చేపను నేడు ఎక్కడ పట్టవలెనో తెలియని వడ్డి కులస్థుడు ఒకడు. గట్లు ఎత్తైనప్పుడు నీరు పోవు దారి లేక వరిచేను మునుగు రైతు ఒకడు. వీడు సరస్సునకు పదిమైళ్ల దూరమున నుండియు సభలో హక్కుదారుడే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు కొల్లేటికే రావలసినదని చాలమందికి క్రొత్తగా జ్ఞప్తికి వచ్చినది. ఇక ఆటపాక చెట్ల మీది గూడబాతులు సభకు రావు. వాని పక్షమున మాటాడువానిని "ఊరికి ద్రోహి" యని ఎవరైన అన్నచో, ఆ మాటను అక్కడనే ఆపుట అధ్యక్షుని పని.

ఇంతమంది నడుమ కూర్చుండువానికి న్యాయమనగా నేమి? అందఱికిని సమానముగా అయిదేసి నిమిషములిచ్చుట యని కొందఱందురు. అది చాలదు. కౌలుదారు అయిదు నిమిషములలో తన ప్లీడరు వ్రాసియిచ్చినదంతయు చదువగలడు. వలవాడు ఆ అయిదు నిమిషములును తడబడుటకే చాలవు. పైగా తనకు అప్పిచ్చినవాడో పని యిచ్చువాడో ముందు వరుసలో కూర్చుండగా వాడు ఏమి చెప్పును? మనము భూస్వాములము, వర్తకులము. మన మొగము చూచినంతనే ఎదుటివాని మాట మాఱునను సంగతి మనకు కనబడదు. వానికి కనబడును.

ఈ చిక్కును మన చట్టమే యెఱిగియున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, అభయారణ్యము విషయమున హక్కులను తేల్చు కలెక్టరు చుట్టుపట్ల ప్రతి గ్రామమునను ప్రాంతీయ భాషలో ప్రకటన చేయించి, రెండు నెలలలోగా హక్కులు గలవారు వ్రాతమూలమున చెప్పుకొనవలెనని కోరవలెను. అంతటితో ఆయన పని తీరదు. ఎవ్వరును చెప్పుకొనని హక్కులను సైతము ప్రభుత్వ రికార్డులవలనను, సంగతి తెలిసినవారి సాక్ష్యమువలనను వెదకి విచారింపవలెనని ఆ చట్టము విధించినది. వచ్చినవానిని వినుట మాత్రమే విచారణ కాదనియు, రానివాడు ఏల రాలేదో కనుగొనుట విచారణకర్త పనియే యనియు దీని భావము. ఆచరణలో ఎంత జరిగినదనునది వేఱు మాట. దానికి లంకలవారి దగ్గఱ దుఃఖకరమైన సమాధానములు కలవు.

పరిశ్రమలు మొదలగువాని విషయమై 2006 సెప్టెంబరులో వెలువడిన పర్యావరణ ప్రకటనలో బహిరంగ విచారణ పద్ధతి కలదు. అది కొల్లేటి గీతకు వర్తించునది కాదు గాని, అందులోని యొక నిబంధన మా గ్రామ సభలకు అరువు తెచ్చుకొనదగినది. విచారణ ముగిసినప్పుడు వెలిబుచ్చబడిన అభిప్రాయములన్నింటిని ఉన్నవి ఉన్నట్లు వ్రాసి, ఆ సారాంశమును సభలోనే ప్రాంతీయ భాషలో చదివి వినిపించి, ఆనాడే సంతకము చేయవలెను. "నేనట్లనలేదు" అని చెప్పుటకు వలవానికి అప్పుడు అవకాశము కలుగును. "ఏకగ్రీవము" అను మాట ఇట్టి సభలో అంత సులభముగా పుట్టదు.

న్యాయాధ్యక్షుడు ఎట్లుండునో చూపుటకు మన దేశ చరిత్రలోనే గొప్ప దృష్టాంతము కలదు. విఠల్‌భాయి పటేలు 1925లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన తొలి భారతీయాధ్యక్షుడైనప్పుడు స్వరాజ్య పక్షమును విడిచెను. 1928 సెప్టెంబరులో ప్రజారక్షణ బిల్లు మీద ఓట్లు సరిసమానము కాగా, నిర్ణయపు ఓటు ఆయన చేతికి వచ్చినది. ఆయన బిల్లునకు వ్యతిరేకముగా వేసెను. జాతీయవాది జాతీయవాదులతో చేరెనని ఆనాడు దొరలు గొణిగియుందురు. కాని ఆయన చెప్పిన కారణమును గమనింపవలెను: ఇంత అసాధారణమైన శాసనమును కోరువారు సభను ఒప్పించి మెజారిటీ సంపాదించుకొనవలెనే గాని, అధ్యక్షుని ఓటుతో దానిని గెలిపించుకొనరాదని ఆయన తాత్పర్యము. ఈ కారణము ఎట్టిదనగా, రేపు తన మిత్రులే అట్టి బిల్లు తెచ్చినను వారిని కూడ బంధించునది. అధ్యక్షుడు ఇచ్చిన తీర్పు మనకు నచ్చినదా లేదా యని చూచుట వ్యర్థము. ఆయన చెప్పిన కారణము ఆయన స్నేహితుని నోరు కూడ ఎప్పుడైన మూయించునా యని చూడవలెను. కారణమే చెప్పని అధ్యక్షుని విషయములో ఈ పరీక్షకే తావు లేదు.

ఇంకొక దృష్టాంతము మన ఆంధ్రోద్యమములోనే యున్నది. 1913లో బాపట్లలో బి. ఎన్. శర్మగారి అధ్యక్షతను జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలో ప్రత్యేక రాష్ట్ర విషయము వచ్చినప్పుడు ఉత్తర జిల్లాల ప్రతినిధులును, రాయలసీమ ప్రతినిధులును సందేహించిరి. మెజారిటీ ఉన్నది గదా యని వారిని త్రోసివేయక, విషయమును వాయిదా వేసి, ప్రజాభిప్రాయమును తెలిసికొనుటకు ఊరూరికి పోయిరి. తీర్మానము మఱుచటి యేడు విజయవాడలో, న్యాపతి సుబ్బారావు పంతులుగారి అధ్యక్షతను ఆమోదింపబడినది. ఏడాది ఆలస్యమైనది; నష్టమేమి? సందేహము మాత్రము పూర్తిగా తీరలేదనుటకు 1937 నాటి శ్రీబాగు ఒడంబడికయే సాక్షి. కాని సందేహించువాడు సభలో ఉన్నంతకాలము ఒడంబడికకు తావుండును. బయటికి పోయినవానితో ఒడంబడిక లేదు.

మన న్యాయశాస్త్రకారులు చర్చను మూడు తెఱగులుగా విభజించిరి. నిజము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు చేయునది జల్పము. తనకొక పక్షమే లేక ఎదుటివానిని ఖండించుట మాత్రమే వితండము. జల్పము చేయువాడు దుష్టుడని మేమనము. తన చెరువు పోవుచున్నవాడు గెలువజూచుట సహజము. ఆ జల్పమును వాదముగా త్రిప్పవలసినవాడు అధ్యక్షుడు. దానికి మన పండితులు ఎఱిగిన ఉపాయమే చాలును: సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షమును చెప్పుట. మూడడుగులు కోరువాని వాదమును, అయిదడుగులు కోరువాడు ముందుగా తన నోట చెప్పవలెను. ఎదుటివాడు "అవును, నేను చెప్పునది అదియే" అన్న పిమ్మటనే ఖండింపవలెను. ఇట్లు నడచిన సభను మేమొక్కదానినే చూచితిమి. అరుపులు సగమునకు తగ్గినవి. తీర్మానము కాలేదు, కాకున్నను ఎవ్వరును కుర్చీలు విసరలేదు.

అల్లరి చేయువానిని ఏమి చేయవలెనని యడుగవచ్చును. అల్లరిని అణచవలసినదే, కులమెత్తి తిట్టినవానిని, బెదిరించినవానిని బయటికి పంపవలసినదే. మా కోరిక రెండే. ముందు హెచ్చరించి, తప్పేమో చెప్పవలెను. రెండవది, అదే తిట్టు ముందు వరుసనుండి వచ్చినప్పుడును అదే శిక్ష ఉండవలెను. గట్టిగా మాటాడుట అల్లరి కాదు. చదువురానివాడు కోపముతో చెప్పిన నిజము, చదువుకొన్నవాడు మెల్లగా చెప్పిన అబద్ధముకంటె సభకు ఉపయోగకరము.

ఈ జాడ్యము లంకలకే పరిమితమైనది కాదు. 1997 చట్టము క్రింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములలో ఎగువ భూముల వాడు అధ్యక్షుడై, శివారు ఆయకట్టు రైతు మొఱను చిట్టచివరి అంశముగా పెట్టి, అప్పటికి అందఱును లేచిపోవుట పలువురు పాఠకులకు అనుభవమే. తాడేపల్లిగూడెమున ఉల్లి ధర పడినప్పుడు వర్తకులును రైతులును కూర్చున్నచోటను ఇదే జరుగవచ్చును. దేవస్థానపు సంఘములను గూర్చి చెప్పనక్కఱలేదు. తన ఆస్తి చర్చకు వచ్చినప్పుడు అధ్యక్షుడు పీఠము దిగి, వక్తగా క్రింద నిలిచి మాటాడుటకు సిగ్గేమి? మాటాడు హక్కు ఆయనకును కలదు. ఇతరులను ఆపు హక్కు మాత్రము ఆనాటికి వదలుకొనవలెను.

కొల్లేటి గీతను గూర్చి మరల సభలు పెట్టువారు ఈ క్రింది సంగతులను ఆలోచింతురు గాక. సభ ఏలూరు పట్టణములో కాక కొల్లేటికోట వంటి లంకలో జరుగవలెను. వలలు నీటిలో నుండు వేళ పెట్టరాదు. సరస్సులో చెరువుగాని, కౌలుగాని, బాకీగాని లేనివాడు అధ్యక్షుడు కావలెను. ఊరిలో అట్టివాడు దొరకనిచో ప్రక్క తాలూకానుండి ఒక బడిపంతులును తెచ్చుకొనవచ్చును. మొదటి మాట వెనుక వరుసనుండి రావలెను. పదిమంది ముందర చెప్ప వెఱచువాడు మఱునాడు వ్రాయించి యిచ్చుకొనుటకు ఒక దినము గడువుండవలెను. సంబోధన అందఱికిని ఒక్కటియే కావలెను: "తమరు" అనిన అందఱిని "తమరు" అనవలెను. సభ ముగియకమునుపు వ్రాసినదంతయు బిగ్గఱగా చదివి, వ్యతిరేకించినవారి పేర్లును, వారి కారణములును వారి మాటలలోనే పుస్తకములో నుండునట్లు చూడవలెను.