లాప్‌టాప్ గొంతు ఎందుకు తగ్గును?

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిపై, నార్కెట్‌పల్లి దాటి నకిరేకల్ చేరకమునుపే కట్టంగూరు వచ్చును. అక్కడ రోడ్డు పక్క ఇంటిలో ఒక పిల్లవాడు లాప్‌టాప్ ముందు కూర్చుండి పాఠము వినుచున్నాడనుకొందము. తెరమీద మాస్టారి పెదవులు కదలుచున్నవి. చెవికి మాత్రము లారీల రొదయే వచ్చుచున్నది. ధ్వనిని నూటికి నూరు పెట్టినను ఫలితము లేదు. కోవిడ్ వలన బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు ఇంటికే వచ్చినవి. బడులు తెరచిన తరువాత కూడ తెరమీది పాఠము మనలను విడువలేదు. అది వినబడనిచో పరీక్షలో నష్టపోవునది పిల్లవాడే.

"స్పీకరు పోయినది, మార్పించవలెను" అని తండ్రి లాప్‌టాప్‌ను చంకన పెట్టుకొని బయలుదేరును. కాని బోరు నీరు పోయనినాడు ఆ తండ్రియే మొదట మోటారును పైకి లాగించునా? అది ఎంత ఖర్చో అతనికి తెలియును. కరెంటు ఉన్నదా, మూడు ఫేజులు వచ్చుచున్నవా, స్టార్టరు పట్టుచున్నదా, పైపు ఎక్కడనైన పగిలినదా అని వరుసగా చూచును. ధ్వనికి కూడ ఇటువంటి దారియే కలదు. రికార్డు చేసిన పాఠము మొదట దానిని వినిపించు ప్రోగ్రాములోనికి, అక్కడినుండి విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థలోనికి, పిదప డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము ద్వారా యంత్ర భాగములలోనికి పోవును. అంకెల రూపముననున్న ధ్వని అక్కడ విద్యుత్ప్రవాహముగా మారి, యాంప్లిఫయరులో బలము పుంజుకొని, చివరకు స్పీకరును కదలించును. ఈ దారిలో ఎచ్చట తగ్గినను చెవికి ఒకే రీతిగా తోచును. కనుక తగ్గినచోటు పట్టుకొనుటయే అసలు పని.

అందుకు హెడ్‌ఫోను మంచి సాధనము. దానిని తగిలించినప్పుడు పాఠము గట్టిగా, స్పష్టముగా వినబడెనా, రికార్డు, ప్రోగ్రాము రెండును నిర్దోషములు. లోపము స్పీకరు వైపుననే ఉన్నది. అయినను స్పీకరు చెడినదని అప్పుడే అనరాదు. విండోస్ హెడ్‌ఫోనుకు వేరుగా, స్పీకరుకు వేరుగా ధ్వనిమట్టమును గుర్తుంచుకొనును. ఒకటి 80లో, వేరొకటి 30లో ఉండవచ్చును. హెడ్‌ఫోను తీసివేసిన తరువాత స్పీకరు మట్టమును మరల చూడవలెను.

హెడ్‌ఫోనులో కూడ ధ్వని తక్కువగానే ఉన్నచో వేరొక పాఠమునో పాటనో పెట్టి చూడవలెను. అది బాగుగా వినబడినచో మొదటి రికార్డే మెల్లగా చేసినది. మాస్టారు మైకుకు దూరముగా నిలిచి చెప్పియుండును. అన్నియు మెల్లగానే ఉన్నచో ప్రోగ్రాములో ఉన్న ధ్వని గీతను, తరువాత విండోస్‌లోని వాల్యూమ్ మిక్సరును చూడవలెను. అందు ఒక్కొక్క ప్రోగ్రామునకు ఒక్కొక్క మట్టముండును. చాలమందికి తెలియని తిరకాసు మరియొకటి ఉన్నది. లాప్‌టాప్‌లో ఫోను సంభాషణ జరుగుచున్నదని తోచినప్పుడు విండోస్ మిగిలిన ధ్వనులను తనంతట తానే 80 శాతము తగ్గించును. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అనుచోట "ఏమియు చేయవద్దు" అను అర్థమిచ్చు ఎంపికను గుర్తించినచో ఈ బాధ తీరును. ఒక్క చెవిలోనే పాఠము వినబడుచున్నచో మోనో ఆడియో అను ఏర్పాటును తెరచిన యెడల రెండు వైపుల ధ్వనియు కలిసి వచ్చును. విండోస్ నవీకరణ అయిన మరునాటినుండి గొంతు తగ్గినచో అనుమానము డ్రైవరు మీద పడవలెను. దానిని లాప్‌టాప్ తయారుచేసినవారి స్థానమునుండియే తిరిగి తెచ్చుకొనుట మేలు.

ఇక స్పీకరు. అయస్కాంతము నడుమ సన్నని తీగచుట్ట ఉండును. అందు ప్రవాహము మారినకొలది చుట్ట ముందు వెనుకలకు కదలి, తనకంటిన పొరను కదలించును. పొర గాలిని నెట్టును. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనువారు రూపొందించిన స్పీకరు పద్ధతి ఇదియే. గ్రామ పంచాయతి మైకులోని పనియు ఇదే సూత్రము మీద సాగును. కాని అక్కడ బాకా వంటి మూతి గాలిని బాగుగా పట్టును. లాప్‌టాప్‌లో పొర రూపాయి బిళ్ల అంతటిది, దాని కదలిక మిల్లీమీటరు లెక్కలోనిది. స్వరము ఒక స్థాయి క్రిందికి దిగిన ప్రతిసారి అంతే బలమునకు పొర నాలుగు రెట్లు కదలవలెను. కనుకనే లాప్‌టాప్‌లో డప్పు మ్రోత పలుచబడి కంచము చప్పుడువలె వినవచ్చును. ఇది రోగము కాదు, దాని పరిమాణము అంతే.

చాల లాప్‌టాప్‌లలో స్పీకరు రంధ్రములు అడుగున ఉండును. బొంత మీదనో పరుపు మీదనో పెట్టినచో నోరు మూసినట్లే. గట్టి బల్ల మీద పెట్టి చూడవలెను. వేసవిలో ఈ ప్రాంతపు ఎర్రదుమ్ము ఆ రంధ్రములలో చేరును. యంత్రమును ఆపివేసి, మెత్తని పొడి కుంచెతో పైపైన దులిపిన చాలును. సూదితో పొడుచుట, నోటితో ఊదుట కూడదు. పంక్చరు దుకాణములోని గాలి గొట్టము అసలే పనికిరాదు, ఆ వేగమునకు పొర చిరుగును.

ధ్వనిని నూటికి మించి పెంచు ప్రోగ్రాములు కలవు. వీఎల్‌సీ 125 వరకు పెంచనిచ్చును. రికార్డు మెల్లగా ఉన్నప్పుడు ఇది నిజముగా ఉపకరించును, ఏలయన పెరుగుటకు అందు చోటున్నది. రికార్డు ముందే నిండుగా ఉన్నచో తరంగముల శిఖరములు తెగిపోయి మాట బరబర మనును, తీగచుట్ట వేడెక్కును. లెక్క కూడ మనకు అనుకూలము కాదు. శక్తిని రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపుగా తోచుటకు ఇంచుమించు 10 డెసిబెల్‌లు, అనగా పది రెట్ల శక్తి కావలెను. 2 వాట్ల స్పీకరు 20 వాట్లను తాళలేదు. దానికి బదులు పిల్లవాడు మీటరు దూరమునుండి అర మీటరునకు జరిగినచో, ఆరుబయట లెక్కన 6 డెసిబెల్‌లు లాభము. నాలుగు రెట్ల శక్తి కాసు ఖర్చు లేకుండ వచ్చినట్లే. గదిలో గోడల ప్రతిధ్వని వలన లాభము కొంత తగ్గును. రోడ్డు వైపు కిటికీ మూసినను, ఫ్యాను వేగము తగ్గించినను మాట తేటపడును.

ఇన్ని చేసినను గొంతు లేవనిచో లినక్సును పెన్‌డ్రైవులో పెట్టి, దానితో లాప్‌టాప్‌ను నడిపి చూడవచ్చును. లోపలి ఫైళ్లకు చేయి తగలదు. అక్కడ ధ్వని బాగున్నచో లోపము విండోస్‌లోనిది. అక్కడను మెల్లగానే ఉండి, హెడ్‌ఫోనులో మాత్రము గట్టిగా ఉన్నచో స్పీకరును మార్పించవలసినదే. అప్పుడు మెకానిక్కునకు "ధ్వని రావడములేదు" అని ఊరకొనక, ఏ పరీక్షలో ఏమి తేలినదో చెప్పవలెను. మార్పించు లోపల తన స్వంత విద్యుత్తుతో నడచు బయటి స్పీకరును తగిలించుకొనవచ్చును. హెడ్‌ఫోనుతోనే కాలము గడుపదలచినవారు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును గుర్తుంచుకొనవలెను. పెద్దలకు 80 డెసిబెల్‌ల వద్ద వారమునకు 40 గంటలు. పిల్లలకు అంతకంటె తక్కువ మట్టము.