ఉప్పు ఎక్కువైతే బాక్టీరియా తన పొరను ఎలా మార్చుకుంటుంది?

చీములో ఏ బాక్టీరియా ఉందో తేల్చడానికి ల్యాబుల్లో మానిటాల్ సాల్ట్ అగార్ అనే ఎర్రటి మాధ్యమం వాడతారు. చిన్న పళ్లెంలో జెల్లీలా గడ్డకట్టి ఉంటుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతమైతే, ఇందులో 7.5 శాతం. చాలా బాక్టీరియా దీనిమీద పెరగలేవు. సెగగడ్డలకు తరచూ కారణమయ్యే స్టెఫిలోకాకస్ ఆరియస్ మాత్రం ఒకటి రెండు రోజుల్లో చుక్కలు చుక్కలుగా పెరిగి, చుట్టూ ఉన్న ఎరుపును పసుపు చేసేస్తుంది. అంత ఉప్పును అదెలా తట్టుకుంటుంది?

కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించి కాసేపు ఉంచితే నీళ్లు ఊరతాయి కదా. బాక్టీరియాకు జరిగేదీ అదే. బయట ఉప్పు పెరగగానే లోపలి నీరు పొర దాటి పోతుంది, కణం కుంచించుకుపోతుంది. దీనికి మొదటి విరుగుడుగా అది ప్రోలిన్, గ్లైసిన్ బీటెయిన్ లాంటి చిన్న అణువులను బయటి నుంచి లాక్కుని లోపల నింపుకుంటుంది. అవి ఉంటే నీరు నిలుస్తుంది, ప్రొటీన్ల పనీ చెడదు. అయితే వాటిని లోపల పట్టి ఉంచాల్సింది పొరే. అది సడలితే ఎంత నింపుకున్నా లాభం లేదు.

ఆ పొర లిపిడ్లనే కొవ్వు జాతి అణువులు రెండు వరుసలుగా పేరుకుని ఏర్పడింది. ఒక్కో అణువుకు నీటివైపు ఒక తల, పొర లోపలికి రెండు కొవ్వు తోకలు. స్టెఫిలోకాకస్‌లో ఎక్కువగా ఉండే లిపిడ్ ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్. దాని తలకు రుణావేశం. ఉప్పులోని సోడియం ధనావేశంతో వచ్చి ఆ తలల దగ్గర మూగుతుంది. తలలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం తగ్గి, పొర అమరిక మారుతుంది.

అప్పుడు బాక్టీరియా రెండేసి ఫాస్ఫాటిడిల్ గ్లిసరాళ్లను కలిపి ఒకటి చేస్తుంది. ఒక గ్లిసరాల్ విడిపోగా మిగిలేదే కార్డియోలిపిన్. దానికి ఒకే తల, నాలుగు తోకలు. ఈ పని చేసే ఎంజైము కార్డియోలిపిన్ సింథేజ్. కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చు లేదు, కొత్త సరుకు అక్కర్లేదు. ఉన్నదాన్నే మార్చుకోవడం! ఆపదలో పడ్డ కణానికి ఇంతకన్నా పొదుపైన ఉపాయం నాకు తోచదు.

కార్డియోలిపిన్ నిజంగా అవసరమా అని జన్యువులు తీసేసి చూశారు. స్టెఫిలోకాకస్‌లో ఈ ఎంజైముకు రెండు జన్యువులున్నాయి. రెండూ లేకపోయినా మామూలు మాధ్యమంలో బాగానే పెరిగింది. గాఢమైన ఉప్పులో చాలాకాలం ఉంచితే మాత్రం బతికి మిగిలే కణాలు తగ్గిపోయాయి.

కడ్డీలా ఉండే ఇ.కోలై అనే బాక్టీరియాలోనూ ఉప్పుతోపాటు కార్డియోలిపిన్ పెరుగుతుంది, ముఖ్యంగా కణం కొసల్లో పోగవుతుంది. ప్రోలిన్‌ను లోపలికి తెచ్చే ప్రోపీ అనే ప్రొటీన్ కూడా అక్కడే చేరుతుంది. ఎంత ఉప్పుకు అది పని మొదలుపెట్టాలో పొరలోని కార్డియోలిపిన్ పాలును బట్టి మారుతుంది. అంటే పై రెండు విరుగుళ్లకూ లంకె ఉంది.

ఉప్పు మడుల్లో బతికే హాలోమొనాస్ జాతివి మరో దారి పట్టాయి. వాటిలో చిన్న తల ఉండే ఫాస్ఫాటిడిల్ ఇథనాలమైన్ తగ్గి, రుణావేశపు లిపిడ్లు పెరుగుతాయి. గాఢమైన ఉప్పులో ఇథనాలమైన్ లిపిడ్ మరీ ఎక్కువైతే పొర చదునుగా నిలవక గొట్టాల్లా చుట్టుకునే ప్రమాదం ఉంది.

ఉప్పు పట్టించిన చేప, మాంసం చెడిపోవని నిశ్చింతగా ఉండకండి. స్టెఫిలోకాకస్ వాటిలోనూ పెరగగలదు, అది వదిలే విషం ఉడికించినా పోదు. చేతిమీద పుండు ఉంటే వాటిని ముట్టుకోకండి.