బీలయు బీడును : ఉద్దాన భూముల ఉమ్మడి రక్షణము

శ్రీకాకుళము జిల్లాలో కంచిలి, సోంపేట, కవిటి మండలములను అంటియున్న చిత్తడినేలను స్థానికులు ‘బీల’ యందురు. దీనిని ‘బీడు’ నుండి వేఱుగ గ్రహింపవలెనని మా మనవి. బీడు సాగులేని నేల. బీల వర్షజలమును నిలుపుకొని చుట్టుపట్ల భూగర్భమున కందించు నేల. ఈ నీటితో రైతులు వరి పండింతురు, మత్స్యకారులు చేపలు పట్టుదురు, పశువులు మేయును, జలపక్షులు దిగును.

ఈ భేదమును విస్మరించుట వలని అనర్థమునకు 2010వ సంవత్సరము తార్కాణము. బీలలో 2640 మెగావాట్ల ఉష్ణవిద్యుత్కేంద్రమును తలపెట్టినపుడు అది నిరుపయోగభూమిగా పేర్కొనబడినది. జూలై 14న నిరసించిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము కలిగెను. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ అనుమతిని రద్దు చేసెను. జీవనోపాధియు ప్రకృతిరక్షణయు ఇచట ఒకే నీటిపై ఆధారపడియున్నవని ఈ ఉదంతము తెలుపుచున్నది.

అట్లని రక్షణభారమునంతయు శాసనముపై మోపరాదు. టెక్కలి చెంత తేలినీలాపురమునకు గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును ఏటేట వచ్చి గూళ్లు కట్టుచున్నవి. వాని రాక శుభమని గ్రామస్థులు కాపాడుచున్నారు, అటవీశాఖ తోడ్పడుచున్నది. పునరుద్ధరణమునకును ఈ న్యాయమే వర్తించును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు రైతునకు వేఱొక ఆధారము లేనిచో తోట తిరిగి లేవదు.

కావున బీల హద్దులను, నీటి పంపకమును, మేతను, చేపలవేటను రైతులు, మత్స్యకారులు, గ్రామసభలు, ప్రభుత్వశాఖలు కలసి నిర్ణయింపవలెను. జనమిడిన పేరును రెవిన్యూ దస్త్రములలో నిలుపుట అందు మొదటి మెట్టని మా అభిప్రాయము.